ఉభయవిధ వివాహ నమోదు

మా మహాసంచాలకులు పరిమి విరూపాక్షం గారు ఏ శిక్షణకు వెళ్ళి వచ్చినా మాకు ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది. ఒకసారి యోగా శిబిరానికి వెళ్ళి వచ్చి, ఫైళ్ళకు కూడా గాలి ఆడాలంటూ బీరువాల తలుపులన్నీ బార్లా తీయించారు. ఫైళ్ళ సంగతేమో గాని ఎలుకలకు బాగా గాలి ఆడింది. ఈసారి కొండ మీది రిసార్టులో జరిగిన సాఫ్ట్‌వేర్ సదస్సుకు వెళ్ళి, అక్కడి నుంచి ఒకే ఒక్క వాక్యం పట్టుకొచ్చారు. "ఒకే సబ్‌రూటీన్ ఫంక్షన్‌గానూ పనిచేయవచ్చు, మెథడ్‌గానూ పనిచేయవచ్చు." ఆ మాట అన్న పెద్దమనిషి ఆ తరువాత "కానీ" అని ఇంకేదో చెప్పబోయాడట. అప్పటికి భోజనాలు సిద్ధమని పిలుపు రావడంతో మా సారు లేచి వెళ్ళిపోయారు.

నేను పౌర నమోదుల మహాసంచాలక కార్యాలయంలో కాంట్రాక్టు ప్రోగ్రామర్ని. నా పేరు కోదండపాణి. జననాలు, మరణాలు, ఆ రెంటి మధ్య జరిగే పెళ్ళిళ్ళు మా శాఖ నమోదు చేస్తుంది. పెళ్ళి నమోదుకు అప్పటికి రెండు ప్రోగ్రాములు ఉండేవి. రెండూ నేను రాసినవే, రెండూ నోరెత్తకుండా పనిచేసుకుపోయేవే. ఒకటి సేవాకేంద్రంలో జనం నేరుగా వాడుకునేది. వధువు, వరుడు, ఇద్దరు సాక్షులు, ఈ వరుసలో పేర్లిస్తే సర్టిఫికెట్ బయటికొస్తుంది. రెండోది నమోదు అధికారి తన బల్ల మీద నడిపేది. దానిలో ముందు అధికారి పేరు వచ్చి కూర్చుంటుంది, ఆయన వెనకాలే వధువు, వరుడు, సాక్షులు వస్తారు. ఇలా పిలవగానే వచ్చి పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్కే సబ్‌రూటీన్. యజమాని లేకుండా నడిచే మొదటి రకాన్ని మేము ఫంక్షన్ అంటాం. యజమాని చేత మాత్రమే పిలిపించుకునే రెండో రకాన్ని మెథడ్ అంటాం.

కంప్యూటరు గొడవ పట్టనివాళ్ళు ఒక వంటమేస్త్రిని ఊహించుకోండి. మీరు నేరుగా వెళ్తే అతని చేతిలో గుమ్మడికాయ పెడతారు, అతను తరుగుతాడు. పెళ్ళివారే కాయను వెంటబెట్టుకుని వస్తే ముందు గుమ్మంలోకి పెళ్ళిపెద్ద వస్తాడు, వెనక గుమ్మడికాయ వస్తుంది. ఈ రెండు బేరాలకూ ఒకే మేస్త్రి, ఒకే గుమ్మం, ఒకే కత్తి అనుకున్నారనుకోండి, మొదట లోపలికి వచ్చింది పెళ్ళిపెద్దా, గుమ్మడికాయా అని అతను ప్రతిసారీ తేల్చుకోవాలి. తేల్చుకోవడంలో పొరపాటు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

విరూపాక్షం గారు నన్ను గదిలోకి పిలిపించారు. పక్కనే సూపరింటెండెంట్ భమిడి దివాకరం గారు కలం తెరిచి నిలబడి ఉన్నారు. మహాసంచాలకుల నోటి నుంచి ఏ మాట ఊడిపడినా కింద పడేలోగా దాన్ని సర్క్యులర్‌గా మార్చడం ఆయన విద్య.

"కోదండపాణీ, ఒకే పెళ్ళికి రెండు ప్రోగ్రాములేమిటయ్యా? ఇది వనరుల ద్వంద్వ వినియోగం. ఏకత్వంలో ఉభయత్వం సాధించాలి."

"సార్, లోపల పని ఒక్కటే ఉంచి, తలుపులు మాత్రం రెండు పెడదామండి. జనానికొకటి, అధికారులకొకటి. ఏ తలుపులోంచి వచ్చారో తెలిస్తే ఇక ఎవరు ఎవరని వెతుక్కోనక్కర్లేదు."

"రెండు తలుపులంటే రెండు తాళాలు. రెండు తాళాలంటే ఇద్దరు వాచ్‌మెన్లు. ఆర్థిక శాఖ ఒప్పుకోదు," అన్నారు దివాకరం గారు.

"కంప్యూటర్లో తలుపుకి వాచ్‌మెన్ అక్కర్లేదండి."

"వాచ్‌మెన్ లేని తలుపును ప్రభుత్వం తలుపుగా గుర్తించదు," అన్నారాయన, చాలా మర్యాదగా.

అలా ఉభయవిధ విధానం పుట్టింది. మొదట వచ్చిన పేరును ప్రోగ్రాం పరిశీలించాలి. ఆ పేరు మీద నమోదు అధికారి ఉద్యోగి సంఖ్య ఉంటే, వచ్చినవారు యజమాని. వారిని పక్కకు తప్పించి, మిగిలినవారిని వరుసగా వధువు, వరుడు, సాక్షులు అని తీసుకోవాలి. సంఖ్య లేకపోతే వచ్చినవారే వధువు. ప్రజాసేవ ఎక్కడా ఆగకూడదు గనుక, చివర్లో ఏదైనా చోటు ఖాళీగా మిగిలితే పట్టించుకోకుండా సర్టిఫికెట్ ఇచ్చేయాలి. ఇంత దరిద్రమైన ప్రోగ్రాం నా చేత్తో నేనే రాశాను. కాంట్రాక్టు ఉద్యోగికి ఆత్మగౌరవం ఉండొచ్చు గాని, దాని మీద హెచ్చార్యే రాదు.

ఇక్కడ స్వర్ణలత సంగతి చెప్పాలి, లేకపోతే ఈ కథ నాకెందుకు నొప్పో మీకు తెలియదు. మేరీ స్వర్ణలత ఊళ్ళోని రెండో నంబరు కార్యాలయంలో నమోదు అధికారి. నేనూ ఆవిడా పెళ్ళి చేసుకుందామనుకున్నాం. మా ఇంటి దేవుడూ వాళ్ళింటి దేవుడూ వేరు గనుక, ఏ దేవుడికీ ఇబ్బంది లేకుండా ప్రభుత్వం దగ్గర చేసుకుందామనుకున్నాం. తొందర ఎందుకంటే బదిలీల కౌన్సెలింగ్ ముంచుకొస్తోంది. ఒంటరి ఉద్యోగుల జాబితాలో స్వర్ణ పేరు పెదగుమ్మడకు ఎదురుగా ఉంది. పెదగుమ్మడ అంటే బస్సు దిగి జీపెక్కి, జీపు దిగి వాగు దాటి వెళ్ళాల్సిన చోటు. వెళ్ళినవాళ్ళు ఐదేళ్ళదాకా తిరిగి రారు. కౌన్సెలింగ్ నాటికి చేతిలో పెళ్ళి సర్టిఫికెట్ ఉంటే భార్యాభర్తల కోటాలో ఈ ఊళ్ళోనే ఉండిపోవచ్చు. చేతిరాత సర్టిఫికెట్లు చెల్లవు, కంప్యూటరుది కావాలి. నేను ఆ మనిషిని వదిలి ఉండలేను. ఇంతకంటే దాన్ని నాజూగ్గా చెప్పడం నాకు చేతకాదు.

ఆ ప్రోగ్రాం రాసి ముగించిన రోజు క్యాంటీన్‌లో స్వర్ణకు చూపించాను. ఆవిడ రెండు నిమిషాలు చూసి, గ్లాసు కింద పెట్టింది.

"పాణీ, మహిళా సాధికారత వారోత్సవాల్లో మీ సారే కదా, ఫారంలో వధువు పేరు ముందుండాలని ఆర్డరేసింది?"

"అవును."

"మన పెళ్ళిలో వధువెవరు?"

"నువ్వు."

"నేనెవర్ని?"

అప్పుడు గాని నాకు వెలగలేదు. మొదట వచ్చేది తను. తను నమోదు అధికారి. ప్రోగ్రాం తనను యజమాని అనుకుని కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టి, నన్ను పట్టుకుని వధువంటుంది. నా వెనకాల నిలబడ్డ సాక్షిని వరుడంటుంది. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ అవుతాయి, మా శాఖలో నమోదు అధికారిగా ఉన్న ఆడపిల్లలకు తప్ప.

మర్నాడే రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. విన్నపం మీద కమిటీ వేశారు. కమిటీకి అధ్యక్షులు విరూపాక్షం గారు, సభ్యులు దివాకరం గారు, పరిశీలకులుగా మళ్ళీ విరూపాక్షం గారు. నన్ను నిలబెట్టి విచారించారు.

"అంటే నీ వాదన ప్రకారం, అధికారి సేవ చేయడానికి కాక, చేయించుకోవడానికి వచ్చే అవకాశం ఉందంటావు," అన్నారు విరూపాక్షం గారు.

"అధికారులు కూడా పెళ్ళి చేసుకుంటారు కదండీ."

"వ్యక్తిగత హోదాలో చేసుకుంటారు. శాఖాపరంగా చేసుకోరు."

"కంప్యూటరుకి ఆ రెండు హోదాలకీ తేడా తెలియదు సార్."

దివాకరం గారు అప్పటికే తీర్మానం రాసేశారు. "అధికారి అనువారు సేవలు అందించువారే గాని పొందువారు కారు. కావున అధికారి పౌరుడుగా ప్రత్యక్షమగునన్న సందేహము కేవలము ఊహాజనితమని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడినది." కింద సంతకం చేసి, పాత ప్రోగ్రాములు రెండింటినీ ఆపించి, ఇకపై కొత్తదాన్ని ఎవరూ ముట్టుకోకూడదని సీలు వేయించారు. నిజంగానే కంప్యూటరు పెట్టె మీద లక్క వేసి ముద్ర గుద్దారు. ప్రోగ్రాం దానిలో ఉందని వారి నమ్మకం.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కాని విరూపాక్షం గారికి ఆ సూత్రం కంప్యూటర్లకే పరిమితం కావడం అన్యాయం అనిపించింది. దివాకరం గారి కలం కదిలింది. "కార్యాలయ సిబ్బంది యావన్మందీ ఇకపై ఉభయవిధములుగా పిలువబడుటకు బద్ధులు. పిలుపు అందిన వెంటనే, మొదట వచ్చినవారు అధికారి అగునా కాదా అని పరిశీలించవలెను. అధికారి అయినచో యజమానిగా భావించి, సగౌరవముగా ప్రక్కన కూర్చుండబెట్టి, తరువాత వచ్చినవారికి సేవ చేయవలెను."

ఆ సర్క్యులర్ మొదటగా క్యాంటీన్‌లో అమలైంది. విరూపాక్షం గారు స్వయంగా వచ్చి టీ అడిగారు. క్యాంటీన్ కాంట్రాక్టరు సుబ్బయ్య కుర్చీ తుడిచి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీ ఎవరికండీ?"

"నాకేనయ్యా."

"తమరు పిలిచినవారండీ. తాగేవారెవరో చెబితే పోస్తాను. సర్క్యులరు గోడకి అంటించారు, చూడండి."

విరూపాక్షం గారు సర్క్యులర్ చదివారు. కింద తన సంతకమే ఉంది. కాసేపు కూర్చుని, సుబ్బయ్య క్రమశిక్షణను మెచ్చుకుని, టీ తాగకుండా వెళ్ళిపోయారు. అప్పటి నుంచి మా అధికారులందరూ టీకి వెళ్ళేటప్పుడు ఒక గుమాస్తాను వెంట తీసుకెళ్ళేవారు. గుమాస్తా టీ తాగేవాడు, అధికారి చూసేవాడు. దాంతో గుమాస్తాల ఆరోగ్యం కొంత పాడైంది.

తరువాత మహాసంచాలకులకు పంటి నొప్పి వచ్చింది. బుగ్గ పట్టుకుని డ్రైవర్ని వెంటబెట్టుకుని మా కార్యాలయ డిస్పెన్సరీకి వెళ్ళారు. డాక్టరుగారు సర్క్యులర్ చదువుకున్న మనిషి. మొదట వచ్చిన అధికారిని సోఫాలో కూర్చోబెట్టి, తరువాత వచ్చిన డ్రైవర్ని కుర్చీలో పడుకోబెట్టి పన్ను పీకేశారు. అదృష్టం కొద్దీ డ్రైవరుకి కూడా ఒక కదిలే పన్ను ఉంది. విరూపాక్షం గారు వాచిన బుగ్గతో తిరిగొచ్చి, "విధానం చక్కగా పనిచేస్తోందయ్యా. కాకపోతే నొప్పే తగ్గలేదు," అన్నారు.

ఇక ఈయన మారడని నాకు రూఢి అయింది. నేనూ స్వర్ణా మా దారి మేము చూసుకున్నాం. ఉపాయం ఆవిడదే. ఏదో ఒక మారుమూల సేవాకేంద్రానికి మామూలు జనంలాగా వెళ్ళి, ఇంటి పేరూ తండ్రి పేరూ చిరునామా మాత్రమే రాసి, ఉద్యోగి సంఖ్య రాసే గడి ఖాళీగా వదిలేస్తే సరి. కంప్యూటరుకి తను ఎవరో తెలియదు. తను ఒక ఆడపిల్ల, పెళ్ళి చేసుకోవడానికి వచ్చింది, అంతే.

"ఇన్నేళ్ళు చదివి, పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకున్నానా," అంది స్వర్ణ. "ఇప్పుడు పెళ్ళి కోసం ఆ ఉద్యోగం ఎవరికీ కనపడకుండా దాచుకోవాలి. మా అమ్మ వింటే ఏడవాలో నవ్వాలో తెలియక కూర్చుంటుంది."

రోజు నిర్ణయించుకుని సెలవు చీటీలు పెట్టాం. అదే మేం చేసిన తప్పు. స్వర్ణ తన చీటీలో కారణం దగ్గర "వివాహము" అని నిజం రాసింది. ఆ చీటీ దివాకరం గారి బల్ల మీదుగా వెళ్ళింది. సాయంత్రానికల్లా విరూపాక్షం గారు మా ఇద్దర్నీ పిలిచి, రెండు చేతులూ చాపి నిలబడ్డారు.

"ఎంత శుభవార్తమ్మా! ఉభయవిధ విధానం ప్రారంభోత్సవానికి ఒక పెళ్ళి కావాలని వెతుకుతున్నాం. మన శాఖ అమ్మాయి పెళ్ళే లాంఛనంగా తొలి నమోదు అవుతుంది. ప్రథమ సాక్షిని నేనే. ద్వితీయ సాక్షి దివాకరం."

"వద్దు సార్, మేం చిన్నగా చేసుకుందామనుకున్నామండీ," అంది స్వర్ణ.

"వినయం మంచిదే. కాని కౌన్సెలింగ్ ముందు ఇలాంటి అవకాశాన్ని ఎవరూ వదులుకోరు," అన్నారు దివాకరం గారు. ఆ మాటలోని పెదగుమ్మడ మా ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. సరేనన్నాం. ఎలాగూ ఆ గడి ఖాళీగా వదిలేస్తాం కదా అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నాం.

ప్రారంభోత్సవం నాడు హాలంతా బంతిపూల దండలు కట్టారు. వేదిక మీద గోడంత తెర పెట్టారు. ముందు వరుసలో విరూపాక్షం గారి భార్య వకుళ గారు పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. స్వర్ణ తెల్లచీరలో ఉంది. నేను మా పెద్దన్నయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న కోటులో ఉన్నాను. స్వర్ణ తన వివరాలు టైపు చేసి, ఉద్యోగి సంఖ్య గడి ఖాళీగా వదిలి, నా వంక చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి, గండం గడిచిందనే అనుకున్నాను.

"ఆగమ్మా, ఆగు," అన్నారు విరూపాక్షం గారు మైకులో. "సభికులారా, వధువు మన నమోదు అధికారి అని ప్రపంచానికి తెలియొద్దా? దివాకరం, ఆ సంఖ్య చెప్పవయ్యా." దివాకరం గారికి శాఖలో అందరి సంఖ్యలూ నోటికి వచ్చు. ఆయన చెబుతుంటే మహాసంచాలకులు తమ స్వహస్తాలతో ఆ గడి నింపి, మీట నొక్కారు. హాలంతా చప్పట్లు.

తెర మీద సర్టిఫికెట్ వచ్చింది. వధువు: కోదండపాణి. వరుడు: పరిమి విరూపాక్షం. ప్రథమ సాక్షి: భమిడి దివాకరం. ద్వితీయ సాక్షి: ఖాళీ. నమోదు చేసిన అధికారి: మేరీ స్వర్ణలత. వీటికి పైన మా ఇద్దరి ఫొటోలూ, అంటే నావీ విరూపాక్షం గారివీ, పూలతీగ చుట్టిన అంచులో పక్కపక్కన వచ్చాయి.

చప్పట్లు వెంటనే ఆగలేదు. వెనక వరుసలవాళ్ళకు అక్షరాలు ఆనక ఇంకా కొడుతూనే ఉన్నారు.

ముందుగా తేరుకున్నది వకుళ గారు. "ఏవండీ, నాతో ఒక్క మాట చెప్పాల్సింది," అన్నారు.

"ఇది సాంకేతికంగా సరైన ఫలితం," అన్నారు దివాకరం గారు. "విధానంలో లోపం లేదు. వచ్చినవారి వరుసలో విశేషం ఉంది."

"సార్, వెంటనే రద్దు చేయించండి," అన్నాను నేను.

విరూపాక్షం గారు ముఖానికి పట్టిన చెమట తుడుచుకున్నారు. అంతమంది ముందు వ్యవస్థ తప్పు చేసిందని ఎలా ఒప్పుకుంటారు? మైకు అందుకుని, ఉభయవిధ విధానం తొలి నమోదును విజయవంతంగా పూర్తి చేసిందని ప్రకటించి, అందరినీ టిఫిన్లకు లేవమన్నారు. మెట్ల దగ్గర వకుళ గారు నన్ను పక్కకు పిలిచారు.

"అబ్బాయ్, ఆయనకు పొద్దున రెండు ఇడ్లీలకు మించి పెట్టకు. షుగరు. అడిగితే లేదని చెప్పు, అలుగుతారు, పట్టించుకోకు."

స్వర్ణ మాత్రం నవ్వలేదు. ఆవిడ చేతిలో ఆ సర్టిఫికెట్ ఉంది, దాని మీద తన సంతకం ఉంది, తన పెళ్ళి మాత్రం లేదు. కౌన్సెలింగ్ వారం రోజుల్లోకి వచ్చేసింది. "ఇది నా చేతులతోనే చేయించారు పాణీ," అంది.

మహాసంచాలకులకు ఆ ఆనందం కూడా రెండు రోజులే దక్కింది. మూడోనాడు కంప్యూటరు తనంతట తానే ఒక సంజాయిషీ నోటీసు తయారుచేసింది. ప్రభుత్వోద్యోగి అయి ఉండి, మొదటి భార్య జీవించి ఉండగా రెండో వివాహం చేసుకున్నందుకు పరిమి విరూపాక్షం గారిని ఎందుకు సస్పెండ్ చేయకూడదో వారం లోపల చెప్పాలట. అలాంటి నోటీసుల మీద సంతకం చేయాల్సింది మహాసంచాలకులే గనుక, కింద వారి సంతకమే పడి వచ్చింది. ఆయన తన గుమ్మంలోనే నిలబడి, తను పంపిన నోటీసును తనే అందుకున్నట్టు దివాకరం గారికి సంతకం పెట్టి ఇచ్చారు.

పెళ్ళి నమోదులో తప్పు లేదని తామే ప్రకటించారు గనుక సవరణకు దారి లేదు. ఇక మిగిలింది విడాకులే. పరస్పర అంగీకారంతో వివాహం రద్దు చేసే సేవను కూడా అంతకుముందే ఉభయవిధం చేశారు. విరూపాక్షం గారు తలుపులు వేసుకుని తామే దరఖాస్తు నింపారు. వారి సొంత కంప్యూటరు గనుక ఉద్యోగి సంఖ్య గడి దానంతటదే నిండింది. తెర మీద ఇలా వచ్చింది: "అధికారి గారికి స్వాగతం. దరఖాస్తుదారును ప్రవేశపెట్టండి."

"నేనేనయ్యా దరఖాస్తుదారుని!" అని తెరను వేలితో పొడిచారు. తెర మళ్ళీ స్వాగతం చెప్పింది.

దివాకరం గారు సేవాకేంద్రంలో జనం వరుసలో నిలబడితే పని జరగొచ్చని సలహా ఇచ్చారు. విరూపాక్షం గారు టోకెన్ తీసుకుని, తలకు రుమాలు చుట్టుకుని, ఎర్రటి ఎండలో నిలబడి కౌంటరుదాకా వెళ్ళారట. అక్కడి అమ్మాయి గుర్తుపట్టి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన వెనకాల ఉన్నవాడికి మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చి పంపింది. వాడు అడిగింది ఆదాయ పత్రం. అది వేరే గొడవ.

ఆ సాయంత్రం విరూపాక్షం గారు నా సీటు దగ్గరికి వచ్చారు. ఆయన నా గదిలోకి రావడం అదే మొదటిసారి.

"నాయనా పాణీ, నువ్వు వేస్తే తీసుకుంటుంది కదా దరఖాస్తు?"

"తీసుకుంటుంది సార్. నేను కాంట్రాక్టు మనిషిని, నాకు ఉద్యోగి సంఖ్య లేదు. ఆ సర్టిఫికెట్ మీదున్న నలుగురిలో మనిషిగా లెక్కకొచ్చేది నేనొక్కణ్ణే."

"అయితే ఇంకా చూస్తావేమయ్యా? నా ఉద్యోగం పోతుంది."

"ఆ అమ్మాయి పెదగుమ్మడ పోతుంది సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కోపం వస్తే నాకు నత్తి వస్తుంది, ఆ రోజు రాలేదు. "ముందు రెండు తలుపులు. ఆర్డరు మీద సంతకం పెట్టండి. ఆ తరువాత విడాకులు. ఆ తరువాత నా పెళ్ళి. ఈ వరుస మాత్రం మారడానికి వీల్లేదు."

"ఎంతైనా ప్రభుత్వం వెనక్కి తగ్గినట్టు కనిపించకూడదు కదయ్యా," అన్నారాయన దీనంగా. ఆ పని దివాకరం గారు చూసుకున్నారు. మర్నాటికి ఉత్తర్వు సిద్ధమైంది. "ఉభయవిధ విధానము ఘనవిజయము సాధించిన దృష్ట్యా, దాని ఫలములను మరింత విస్తృతపరచుటకై, ఇకపై దానిని రెండు వేర్వేరు ప్రోగ్రాములుగా అమలుపరచవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది." లక్క పగలగొట్టి, నా పాత ప్రోగ్రాములు రెండూ తీసి మళ్ళీ పెట్టాను. కొత్తగా రాయాల్సింది ఏమీ లేకపోయింది.

తరువాత విడాకుల దరఖాస్తు వేశాను. కారణం ఎంచుకోమంది. క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం, అభిప్రాయ భేదాలు అని మూడున్నాయి. పక్కనే విరూపాక్షం గారు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అభిప్రాయ భేదాలు నొక్కాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "థాంక్సయ్యా," అన్నారు.

కౌన్సెలింగ్ ముందు రోజు నేనూ స్వర్ణా ఒక సేవాకేంద్రంలో, జనం తలుపులోంచి వెళ్ళి, పెళ్ళి చేసుకున్నాం. సాక్షులుగా మా పెద్దన్నయ్యా, స్వర్ణ వాళ్ళమ్మా వచ్చారు. వధువు స్వర్ణలత అనీ, వరుడు కోదండపాణి అనీ సరిగ్గానే వచ్చింది. స్వర్ణ కౌంటరు దగ్గరే, అందరి ముందూ, నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంటిదాకా వదల్లేదు. సర్టిఫికెట్‌ను ఇంట్లో దీపం కింద పెట్టి చూసినప్పుడు గాని మూడో వరుస మా కంట పడలేదు. వరుడి పూర్వస్థితి: విడాకులు పొందిన స్త్రీ. మాజీ భర్త: పరిమి విరూపాక్షం, మహాసంచాలకులు.

సరిచేయించే టైము లేదు. దాన్నే పట్టుకుని పొద్దున్నే కౌన్సెలింగ్ హాలుకు వెళ్ళాం. మా ముందు పిలిచిన వాళ్ళందరికీ కోటాలున్నా, కాగితాలున్నా, ఏదో ఒక వంక పెట్టి దూరాలకు రాసేస్తున్నారు. భార్యాభర్తల కోటా అన్న ఒకాయన్ను, "ఇద్దర్నీ ఒకే అడవికి వేస్తాం, ఇంకేం కావాలి?" అని పంపేశారు. మా పేరు పిలిచారు.

కౌన్సెలింగ్ అధికారి లావుపాటి మనిషి. సర్టిఫికెట్ తీసుకుని, తల ఎత్తకుండానే "పెదగుమ్మడ" అంటూ కలం కాగితం మీద పెట్టాడు. అంతలో మూడో వరుస మీద ఆయన కన్ను పడింది. కలం ఆగింది. పెదాలు కదిలిస్తూ మళ్ళీ చదివాడు. నా మీసాల వంక చూశాడు, సర్టిఫికెట్ వంక చూశాడు. సర్టిఫికెట్‌నే నమ్మాడు. కుర్చీ వెనక్కి జరిగేలా లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఎవడ్రా అక్కడ! కుర్చీ వెయ్యండి," అని కేకేసి, నా వైపు వంగి చేతులు జోడించాడు. "క్షమించాలమ్మగారూ, తమరెవరో తెలియక నిలబెట్టేశాం. ఏం జరిగినా మా సారుగారి ఇంటి మనిషి. తమకు కావలసినవారిని తమ మాట వినకుండా ఎక్కడికో పంపేస్తే రేపు ఆయన ముందు ఎలా తలెత్తుకుంటామండీ? తమరు ఎక్కడంటే అక్కడ."

అది తప్పు రాతనీ, నేను ఎవరి అమ్మగారినీ కాననీ చెప్పడానికి నోరు తెరిచాను. బల్ల కింద స్వర్ణ నా కాలు గట్టిగా తొక్కింది. నేను నోరు మూసుకుని, జేబులోంచి చేతిరుమాలు తీసి భుజం మీదుగా పమిటలా కప్పుకుని, వేసిన కుర్చీలో ఒద్దికగా కూర్చున్నాను.

"ఈ ఊళ్ళోనే ఉంచండి బాబూ," అన్నాను.